పాత ఫెర్గూసన్ ట్రాక్టరు: కొనదగినదా, కాదా?

పాత ట్రాక్టరు విలువను పైన వేసిన రంగును బట్టి, చక్రాల మెరుపును బట్టి లెక్కగట్టలేం. ఆ యంత్రం ఏ ఆలోచనతో పుట్టిందో, బరువంతా ఏ భాగాల మీద పడేలా తయారైందో తెలిస్తే ఎక్కడ పరీక్షించాలో తెలుస్తుంది. ఫెర్గూసన్ టీఈ-20, దాని వారసత్వంలో వచ్చిన మాసీ ఫెర్గూసన్ 35 ఇందుకు మంచి ఉదాహరణలు.

ఇప్పటి ఉత్తర ఐర్లండులో 1884లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ కాలానికి ట్రాక్టర్లు నాగలిని వెనక తగిలించుకుని ఈడ్చేవి. నాగలి రాయికో వేరుకో తట్టుకుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడేది. చక్రాలకు పట్టు దొరకాలంటే యంత్రం బాగా బరువుగా ఉండాల్సి వచ్చేది, ఆ బరువుకు నేల గట్టిపడిపోయేది. ఫెర్గూసన్ నాగలిని కింద రెండు, పైన ఒకటి, మొత్తం మూడు చేతులతో ట్రాక్టరుకు బిగించాడు. దున్నుతున్నప్పుడు పుట్టే బలం పై చేతి గుండా ముందుకు నెట్టి ముందు చక్రాలను నేలకు అదుముతుంది. నాగలి బరువు, నేల లాగుడు కలిసి వెనక చక్రాలకు పట్టునిస్తాయి. పై చేయి ఒక స్ప్రింగును నొక్కుతూ ఉంటుంది. నేల గట్టిగా తగిలితే స్ప్రింగు మరింత నొక్కుకుని హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది, నాగలి దానంతట అదే కొంచెం పైకి లేస్తుంది. ఈ పద్ధతి వల్లనే టన్నుకు కాస్త పైబడిన బరువున్న చిన్న ట్రాక్టరు పెద్ద యంత్రాల పని చేయగలిగింది.

ఈ ఏర్పాటు 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరుగా అమ్మకానికి వచ్చింది. 1938లో హెన్రీ ఫోర్డుతో నోటిమాట మీద కుదిరిన ఒప్పందం వల్ల మరుసటి ఏడాది అమెరికాలో ఫోర్డ్ 9ఎన్ వెలువడింది. ఆ పొత్తు 1947లో తెగిపోయి కోర్టుకెక్కింది. 1952లో 92.5 లక్షల డాలర్ల పరిహారంతో వివాదం ముగిసింది. ఈలోగా 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ టీఈ-20 తయారీ మొదలుపెట్టింది. 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎడ్మండ్ హిల్లరీ బృందం గొలుసు పట్టాలు బిగించిన ఈ ట్రాక్టర్లతోనే 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది. 1953లో ఫెర్గూసన్ సంస్థ మాసీ-హారిస్‌లో కలిసింది. తరవాతి తరం 35 మోడల్‌కు 1959లో పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్ అమరింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ ద్వారా ఈ వంశమే భారతదేశానికి వచ్చింది. తెలుగు పల్లెలకు బాగా తెలిసిన మాసీ 1035 దాని కొనసాగింపే.

పరీక్షలో మొదటిది గుర్తింపు. ప్లేటు మీది నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోవాలి. టీఈ-20లో అక్షరాలే ఇంజన్ రకాన్ని చెబుతాయి: టీఈఏ పెట్రోలు, టీఈడీ కిరసనాయిలు తరహా ఇంధనం, టీఈఎఫ్ డీజిల్. ప్లేటు ఒక రకాన్ని చెబుతూ లోపల వేరే ఇంజన్ ఉంటే విడిభాగాల వేట కష్టమవుతుంది.

రెండోది పోత భాగాలు. ఈ ట్రాక్టర్లకు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజన్, గేర్‌బాక్సు, వెనక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి అవే యంత్రానికి వెన్నెముక అవుతాయి. కాబట్టి అతుకుల దగ్గర పగులు, వెల్డింగు మచ్చ, అరిగిన బోల్టు రంధ్రం ఉన్నాయేమో గ్రీజు, మట్టి తుడిచి మరీ చూడాలి. రింగులు, బేరింగులు మార్చుకోవచ్చు. పగిలిన హౌసింగు మాత్రం ట్రాక్టరు ధరనే మింగేస్తుంది.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజన్ తన లోపాన్ని దాచుకుంటుంది. నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిలు మండుతున్నట్టు. బ్రీదర్ నుంచి పొగ గుప్పుగుప్పున కొడితే, అంటే బ్యాక్ కంప్రెషన్ ఉంటే, ఇంజన్ బోరుకు వచ్చినట్టే. ఆయిలు పాలలా తెల్లబడితే హెడ్ గాస్కెట్ గానీ లైనర్ సీళ్లు గానీ పోయి నీళ్లు కలిశాయని అర్థం. అరగంట పనిచేశాక ఆయిలు ప్రెషర్ బాగా పడిపోతే బేరింగులు అరిగినట్టు.

హైడ్రాలిక్ లిఫ్టు పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం, ఈ ట్రాక్టరు పుట్టిందే దానికోసం కదా. ఆయిలు వేడెక్కాక బరువైన కల్టివేటరును పైకెత్తి నిలపాలి. ఇంజన్ నడుస్తుండగా అది పైకీ కిందకీ ఊగితే లోపల సీళ్లు గానీ వాల్వు గానీ కారుతున్నట్టు. ఇంజన్ ఆపగానే గబగబా దిగిపోయినా అదే అర్థం. టీఈ-20లో క్లచ్ తొక్కితే లిఫ్టు ఆగిపోవడం మాత్రం లోపం కాదు. హైడ్రాలిక్ పంపుకు శక్తి వెనక పరికరాలను తిప్పే పీటీఓ షాఫ్టు నుంచే అందుతుంది, ఆ మోడల్‌లో క్లచ్ ఒక్కటే కాబట్టి తొక్కగానే ఆ షాఫ్టూ ఆగుతుంది. అదే కారణంగా ఆ ట్రాక్టరు రోటావేటరు వంటి పనులకు సరిపోదు.

గేర్‌బాక్సు, వెనక ఇరుసు, హైడ్రాలిక్ అన్నిటికీ ఒకే ఆయిలు. వరిమడిలో కేజ్‌వీల్సుతో దమ్ము చేసిన ట్రాక్టర్లలో సీళ్లు దెబ్బతింటే బురదనీళ్లు ఇందులో చేరతాయి. కొంచెం ఆయిలు తీసి చూస్తే బయటపడుతుంది. బరువు లాగేటప్పుడు గేరు జారిపోవడం, వెనక సీళ్లు కారి బ్రేకులు ఆయిలుతో తడవడం, స్టీరింగులో ఆట, ముందు ఇరుసు బుష్‌ల అరుగుదల నడిపి చూస్తే తెలుస్తాయి. టీఈ-20లో గేరు రాడ్డును ‘ఎస్’ స్థానానికి తెస్తేనే స్టార్టరు తిరగాలి. గేరులో ఉండగా ఇంజన్ అంటుకోకుండా చేసిన రక్షణ అది. దాన్ని తప్పించి విడిగా బటన్ బిగించి ఉంటే ప్రమాదం. టైర్లకు బటన్లు మిగిలినా పక్కగోడలు పగిలి ఉంటే కొత్త టైర్ల ఖర్చు కలుపుకోవాలి.

భారతదేశంలో రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. బ్యాంకు, ఫైనాన్సు బాకీ తీరినట్టు ఫారం 35, పేరు మార్పిడికి ఫారం 29, 30 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకూడదు.

చివరిగా అడిగిన ధరకు కచ్చితంగా చేయించాల్సిన మరమ్మతుల ఖర్చు కలిపి, ఆ మొత్తాన్ని పనిచేసే స్థితిలో ఉన్న అదే మోడల్ ధరతో పోల్చాలి. పోత భాగాలు బాగుండి, లిఫ్టు నిలబడి, కాగితాలు సరిగ్గా ఉంటే బోరుకు వచ్చిన ఇంజన్ ఉన్నా ధర తగ్గించి కొనవచ్చు. పోత పగిలినా, నంబర్లు కలవకపోయినా ఎంత తక్కువకు వచ్చినా వదులుకోవడమే మేలు.