గాలికి ఎదురుపోయే పడవ

మిత్రులలో చాలామంది హుస్సేన్‌సాగర్‌ను బుద్ధ విగ్రహం కోసమో, సాయంత్రం మిరపకాయ బజ్జీల కోసమో చూసి ఉంటారు. అదే నీటిమీద తెరచాప పడవల పందేలు జరుగుతాయని ఎంతమందికి తెలుసు? నాకైతే కిందటి డిసెంబరు దాకా తెలియదు. మాది జహీరాబాద్ దగ్గర పల్లె. నీళ్ళంటే మాకు బావి, బోరు, వానాకాలంలో నారింజ వాగు. పడవ ఎక్కినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

మా క్లాసులో ఒకడు ఎన్.సి.సి. నేవల్ వింగులో చేరి పడవ నడపడం నేర్చుకున్నాడు. "ఆదివారం మా క్లబ్బులో చిన్న రేసు ఉంది, వచ్చి చూడరా" అన్నాడు. నిజానికి ఆ ఆదివారం నేను ఊరికి పోవాల్సింది. కంది కోసి కల్లంలో వేశారు, కొట్టడం కూడా అయింది, తూర్పారబట్టడమే మిగిలింది. ఎక్కడ మబ్బు పడుతుందోనని నాయినకు బెంగ. (పెద్ద రైతులైతే మిషను తెప్పిస్తారు. మా రెండెకరాలకు చాటే మిషను.) "ఒక్క రోజు ఆగి వస్త" అని ఫోనులో చెప్పి సాగర్ ఒడ్డుకు పోయాను.

ఎనిమిదింటికల్లా ఏడు పడవలు సిద్ధంగా ఉన్నాయి. వీటిని డింగీలంటారు. ఒక్కరో ఇద్దరో పట్టే చిన్న పడవలు. ఆ రోజు దిగినవి లేజర్ రకం. పొడవు సుమారు 4.2 మీటర్లు, తెరచాప వైశాల్యం దాదాపు 7 చదరపు మీటర్లు, ఖాళీ పడవ బరువు 60 కిలోలకు కొంచెం తక్కువ. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న పడవ ఇదే. 2019లో పేరు మార్చి ఐ.ఎల్.సి.ఎ. అన్నారు గాని ఒడ్డున అందరూ లేజర్ అనే అంటున్నారు.

అన్నీ ఉన్నాయి, గాలి ఒక్కటే లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. నిర్వాహకుల పడవమీద ఎరుపు తెలుపు పట్టెల జెండా ఎత్తారు, రేసు వాయిదా అని గుర్తు. సాగర్ నీటి వాసన గురించి నేను చెప్పకపోవడమే మర్యాద.

చలికాలం పొద్దున గాలి ఎందుకుండదు? మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కదలక పడుకుంటుంది. దీన్నే మన పుస్తకాల్లో ఉష్ణోగ్రత విలోమం అంటారు. పైన గాలి వీస్తున్నా ఈ పొరమీదుగా జారిపోతుంది. ఎండ ముదిరి నేల వేడెక్కితేనే పై గాలి, కింది గాలి కలుస్తాయి. హైదరాబాదులో పెద్ద సెయిలింగ్ పోటీలు జులై ప్రాంతంలో పెట్టేది అందుకే. నైరుతి గాలి అప్పుడు రోజంతా నిలబడి వీస్తుంది. చలికాలంలో జరిగేవి ఇలాంటి చిన్న పందేలు.

తొమ్మిదిన్నరకు నాయినకు ఫోను చేశాను. "ఈడ ఆకు గూడ కదుల్తలేదు" అన్నాడు.

పదకొండు దాటాక నీటిమీద అక్కడక్కడ నల్లని మరకలు కనిపించాయి. గాలి తగిలిన చోట నీరు ముడతలు పడి నల్లగా కనబడుతుంది. జెండా దించారు. తర్వాత అయిదు నిమిషాల లెక్క మొదలు. అయిదు, నాలుగు, ఒకటి, సున్న. ప్రతిదానికీ ఒక జెండా, ఒక మోత. మొదటి బోయా సరిగ్గా గాలి వచ్చే దిక్కునే ఉంది. నాకు మతిపోయింది. గాలి ఈడ్చుకుపోయే పడవ గాలికే ఎదురెలా పోతుంది?

మొహంమీదికి గాలి వీస్తుంటే సూటిగా పోలేదు. సుమారు 45 డిగ్రీలు ఓరగా పోతుంది. వంపు తిరిగిన తెరచాప గాలిని ఒక పక్కకు మళ్ళిస్తుంది, ఆ గాలి తెరచాపను రెండో పక్కకు నెడుతుంది. ఆ తోపులో ఎక్కువ భాగం అడ్డంగా, కొంత భాగం ముందుకు. అడ్డంగా కొట్టుకుపోకుండా పడవ అడుగున నీళ్ళలోకి దింపిన పలక ఉంటుంది, పేరు డాగర్‌బోర్డు. ఎద్దులు కాస్త పక్కకు గుంజినా కర్రు భూమిలో దిగి ఉంటే నాగలి సాలు తప్పదు కదా, అలాగే. తడి చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే ముందుకు ఎగిరిపడుతుంది. ఇక్కడ ఒక వేలు గాలి, ఇంకో వేలు నీరు.

ఇక కుడికి కొంత, ఎడమకు కొంత వంకరటింకరగా పోవాలి. గాలివైపు బోయా 500 మీటర్ల దూరంలో ఉంటే పడవ నడిచేది 707 మీటర్లు. మన వెక్టార్ల పాఠంలో రూట్ రెండు ఎందుకు వస్తుందో నాకు అక్కడ బోధపడింది.

పలచని గాలిలో ఇది ఎంత కష్టమో ఒక లెక్క చెబుతాను. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 6 మీటర్ల గాలి ఆ తెరచాపను సుమారు 15 కిలోల బరువంత నెడితే, 2 మీటర్ల గాలి నెట్టేది రెండు కిలోలకు లోపే. ఆ కాస్త తోపుతో మనిషితో సహా పడవంతా కదలాలి. అందుకని మావాడు పొదిగే కోడిలాగా కదలకుండా కూర్చున్నాడు. పడవను కావాలనే గాలి పోయే పక్కకు కొద్దిగా ఒరిగించాడు. అలా అయితే తెరచాప తన బరువుతో తానే వంపు తిరుగుతుందట.

నల్ల మరకలు చూసి చూసి మావాడు రెండో స్థానానికి వచ్చాడు. రెండో బోయా తిరిగేటప్పుడు తెరచాప కొయ్య దానికి తగిలింది. ఎవరూ చూడలేదు. ఒడ్డున ఉన్న నాకూ కనబడలేదు. కాని పక్కకు తప్పుకుని, ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి మళ్ళీ బయలుదేరాడు. ఈ ఆటలో బోయాకు తగిలినందుకు శిక్ష అది. ఈల ఊదే అంపైరు పక్కన ఉండడు, తన తప్పు తానే ఒప్పుకుని తిరగాలి. ఆ గాలిలో ఒక చుట్టంటే మాటలా? ఇద్దరు దాటిపోయారు. నాలుగోవాడుగా వచ్చాడు. "చూడలేదు కదా, ఎందుకు తిరిగావ్?" అంటే నావైపు వింతగా చూశాడు.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట అని మీరనవచ్చు. పడవ కొనాలంటే నిజమే. కాని 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఐ.ఎల్.సి.ఎ. 4 పోటీలో మనకు వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో ఒక రైతు కూతురు. ఆ పడవా ఇదే, తెరచాప మాత్రం చిన్నది. ఆమె నేర్చుకున్నది సముద్రంలో కాదు, భోపాల్ చెరువులో. మా జిల్లాలో మంజీర మీద సింగూరు ఉంది, దాదాపు 30 టి.ఎం.సి.లు పట్టే జలాశయం. దాని గట్టుమీద నుంచి బస్సులో ఎన్నోసార్లు పోయాను గాని అక్కడి గాలి ఏ దిక్కునుంచి వస్తుందని ఒక్కసారీ చూడలేదు. నాయిన అయితే చూసేవాడే. చాట ఎత్తేముందు గుప్పెడు పొట్టు పైకి వదిలి, అది పడే చోటును బట్టి కాళ్ళు మార్చుకుని నిలబడతాడు.

సాయంత్రం మళ్ళీ ఫోను చేశాను.

"గాలొచ్చిందా నాయినా?"

"పన్నెండు దాటినంక లేసింది. సగం కుప్ప అయింది. మబ్బు గూడ పోయింది."

"రేపు పొద్దుగాల్ల వస్త."

"పొద్దుగాల్ల ఏం పని ఉంటదిరా, గాలుండదు. పగటాల్లకు రా."

అయినా రాత్రి బస్సే ఎక్కాను.