బ్యాటరీ లేని స్కూటర్‌కు నిప్పురవ్వ ఎక్కడిది?

జంషెడ్‌పూర్‌లో సాక్చి, బిష్టుపూర్ వీధుల్లో తిరిగిన పాత బజాజ్ చేతక్‌లాంటి స్కూటర్లను స్టార్ట్ చేయడానికి బ్యాటరీ అక్కర్లేదు. కిక్ కొడితే చాలు. మరి ప్లగ్ దగ్గర నిప్పురవ్వకు కరెంటు ఎలా వస్తుంది?

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం. అయస్కాంతాలు బిగించిన ఫ్లైవీల్ తిరిగితే లోపలి రాగి తీగచుట్టలో కరెంటు పుడుతుంది. కాంటాక్ట్ పాయింట్లు కలిసి ఉన్నంతసేపు అది వాటి గుండానే పారుతుంది. పిస్టన్ పైకి చేరబోతుండగా పాయింట్లు విడిపోతాయి. దారి తెగిన కరెంటు ఒక్క ఉదుటున ఇగ్నిషన్ కాయిల్‌లోకి మళ్లుతుంది. అందులో వేల చుట్లున్న రెండో తీగలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్ కొనల మధ్య రవ్వగా దూకుతాయి.

కండెన్సర్ చిన్నదే అయినా కీలకం. అది పాడైతే మెరుపు పాయింట్ల దగ్గరే వచ్చి అవి కాలిపోతాయి, ప్లగ్ రవ్వ నీరసిస్తుంది.

ఇంజిన్ ఆపే స్విచ్ ఈ కరెంటును బాడీలోకి, అంటే ఎర్త్‌కు, మళ్లిస్తుంది. అందువల్ల ఆ వైరు తొడుగు చిరిగి రేకుకు తగిలినా ఇంజిన్ మూగబోతుంది. కొత్త కాయిల్ కొనేముందు ఆ వైరును విడదీసి, పెట్రోలుకు దూరంగా రవ్వను పరీక్షించాలి. అప్పుడు రవ్వ వస్తే లోపం వైరుదో, స్విచ్‌దో!