గుండెకు స్టెంట్, ఇంటికి పథ్యం

మన వాళ్ళలో రోగి ఒక్కడైతే వైద్యులు పదిమంది. స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చిన ఈ 5 వారాల్లో నన్ను చూడవచ్చిన బంధుమిత్రులను స్థూలంగా రెండు తెగలుగా విభజించవచ్చును. "ఇంకేం, పూడిక పోయింది, గుండె కొత్తదైపోయింది. హాయిగా తిరుగు" అనేవారు మొదటి తెగ. "ఇక మెట్లెక్కకు, గట్టిగా మాట్లాడకు, పాఠాలు చెప్పడం మానుకో" అనేవారు రెండో తెగ. ఇరువురూ అభిమానంకొద్దీ అన్నవారే. కాని ఇరువురి మాటా నిజం కాదు.

ఇంతకూ నాకు చేసిందేమిటి? మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతున్నదని వెళితే, ముంజేతికి మాత్రం తిమ్మిరెక్కించి, రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గుండె దగ్గర పూడుకున్న చోట చిన్న బుడగను ఉబ్బించి, అక్కడ వలవంటి లోహపు గొట్టాన్ని నిలిపి వచ్చారు. నేను మెలకువగానే ఉన్నాను.

తెలుగు పంతులును గనుక మాట పుట్టుక వెతికాను. 19వ శతాబ్దంలో పళ్ళ అచ్చు తీయడానికి ఒక ముద్దను తయారుచేసిన ఇంగ్లీషు పంటివైద్యుడు చార్లెస్ స్టెంట్ పేరే దీనికి వచ్చిందని చాలామంది చెబుతారు. బుడగతో హృదయధమనిని తెరిచే పద్ధతిని 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ ప్రారంభించాడు. తెరిచిన దారి మళ్ళీ మూసుకుపోకుండా, 1986లో ఫ్రాన్సులోని టులూజ్‌లో మొదటిసారి మనిషి గుండెనాళంలో స్టెంట్ అమర్చారు.

ఈ సంవత్సరాలు మా ఇంట్లో వట్టి అంకెలు కావు. మా నాన్నగారు 1992లో, 46వ ఏట, ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయారు. హైదరాబాదులో డాక్టరు సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి తక్కువ ధరకు స్టెంట్ తయారుచేయించింది ఆ తరువాతి మాట. ఇప్పుడు నాకూ 46 ఏళ్ళే. ఈ లెక్క మా అమ్మ ఎన్నడూ పైకి అనలేదు. కాని సాయంత్రం నడకనుంచి నేను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే వీధిగుమ్మంలో నిలబడి ఉంటుంది.

అంతకన్న కష్టం మరొకటి. ఉప్పూ నూనే తగ్గించమన్నారని తెలిసిననాడు ఆవిడ ఆవకాయ జాడీని అటక ఎక్కించి, "నా చేతివంటే వాణ్ణి ఇంతకు తెచ్చింది" అని మా ఆవిడతో అన్నదట. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. డాక్టరుగారు ఓపికగా చెప్పారు:

"అమ్మా, తండ్రికి చిన్నవయసులో గుండెజబ్బు వస్తే పిల్లలకు వచ్చే అవకాశం హెచ్చు. దానికి రక్తపోటూ, కూర్చుని చేసే ఉద్యోగమూ తోడైనాయి. నేరమంతా ఒక్క జాడీమీద మోపకండి. ఈ స్టెంట్ పూడిన ఒక్కచోటును తెరిచింది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే గుణాన్ని అది మాన్పలేదు. ఆ పని మందులూ, నడకా, మీ వంటిల్లూ చేయాలి."

తరువాత మాత్రల సంగతి. నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు తమకు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానరాదన్నారు. లోహంమీద మన శరీరం తన పొరను కప్పుకునేదాకా అక్కడ గడ్డ కట్టే భయం ఎక్కువట. పన్ను పీకించుకోవలసి వచ్చినా ముందు తమను అడగమన్నారు. పంటివైద్యుని పేరు పెట్టుకున్న వస్తువుకు పంటివైద్యుని దగ్గరే ఇంత జాగ్రత్త కావలసిరావడం తమాషా!

ఆనాటినుంచి మాత్రల పెత్తనం అమ్మది. మూలపడ్డ పోపులపెట్టెను కడిగి ఆరబెట్టింది. అందులోని ఏడు గిన్నెల్లో ఏడు రోజుల మాత్రలు, రేకు విప్పకుండా కత్తిరించి, సర్దుతుంది. "ఇవి వేడి చేస్తాయి, మానేసి మా కషాయం తాగు" అని వచ్చిన మా దూరపు బంధువుకు కాఫీ ఇచ్చి, కషాయం సీసాను ఆయన సంచీలోనే తిరిగి పెట్టి పంపింది.

మొదటివారం నీళ్ళ బకెట్టు ఎత్తనివ్వలేదు. వాకిట్లో పచార్లతో మొదలైన నడక ఇప్పుడు అరగంట. రాత్రిళ్ళు గుండెమీద చేయివేసుకుని దడ లెక్కపెట్టే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. అటువంటి భయాన్ని కూడా దాచక చెప్పమన్నారు డాక్టరుగారు. ఛాతీనొప్పి, ఆయాసం, చల్లని చెమటలు వస్తే మాత్రం వాయువని సరిపెట్టుకోక వెంటనే 108కి ఫోను చేయాలన్నారు. ఆ అంకెను మా అమ్మాయి గోడమీద పెద్దక్షరాలతో రాసి అంటించింది.

ఆవకాయ జాడీ అటక దిగింది గాని, నా వంతు పండుగనాడు ఒక్క బద్ద. పోయినవారం మా తమ్ముడు వస్తే, రక్తంలో కొవ్వు, చక్కెర చూపించుకోమని అమ్మ పట్టుబట్టింది. "నాకేం నొప్పి లేదుగదమ్మా!" అన్నాడు వాడు.

"మీ నాన్నగారికీ లేదురా" అన్నది అమ్మ. మర్నాడు ఉదయం పరగడుపునే వాడు పరీక్షకు వెళ్ళాడు.