ఉప్పునీటి అక్వేరియంలో ఆటోమేటిక్‌గా నీళ్ల మార్పిడి: లెక్క తప్పితే ఏమవుతుంది?

సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాద్‌ లాంటి ఊళ్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు మేత వేయడం పెద్ద పని కాదు, నీళ్లు మార్చడమే పెద్ద పని. ఆర్‌ఓ నీళ్లు పట్టాలి, అందులో ప్రత్యేక ఉప్పు కలపాలి, బకెట్లు మోయాలి. కొన్ని వారాలు బద్ధకిస్తే నైట్రేట్ పేరుకుపోతుంది, నాచు పడుతుంది, పగడాలు ముడుచుకుంటాయి. ఈ పరేషాన్‌ లేకుండా నీళ్లు వాటంతట అవే మారితే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు పంపులు, కాస్త గొట్టం, ఒక టైమర్ ఉంటే ఆ ఏర్పాటు ఒక్క పూటలో అయిపోతుంది. దాన్ని నెలల తరబడి తప్పు లేకుండా నడిపించడమే కష్టం.

పద్ధతి సులువే. ఒక పంపు ట్యాంకులోంచి పాత నీళ్లు తీస్తుంది, ఇంకోటి అంతే కొలతలో కొత్త ఉప్పునీళ్లు పోస్తుంది. దీనికి పెరిస్టాల్టిక్ పంపులు వాడతారు. తిరిగే రోలర్లు మెత్తటి గొట్టాన్ని నొక్కుకుంటూ పోతే నీళ్లు ముందుకు జరుగుతాయి. డయాలసిస్ మెషీన్లలో రక్తాన్ని నడిపించేది కూడా ఈ రకం పంపే. 300 లీటర్ల ట్యాంకుకు రోజుకు 3 లీటర్లు, అంటే ఒక శాతం మారిస్తే 30 రోజుల్లో 90 లీటర్లు మారతాయి. అలాగని పాత నీళ్లు 30 శాతం పోయినట్టు కాదు, దాదాపు 26 శాతమే పోతాయి. నిన్న పోసిన కొత్త నీళ్లలోనూ కొన్ని ఈరోజు బయటికి వెళ్లిపోతాయి కదా. ఆ కాస్త నష్టం భరించవచ్చు. ఉప్పు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారే కుదుపు చేపలకు ఉండదు. వచ్చేవి కొద్ది నీళ్లే కాబట్టి వాటిని వేడి చేయాల్సిన పనీ లేదు.

అసలు ప్రమాదం ఇక్కడుంది

ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకే చాలామంది ఆటో టాప్-ఆఫ్ పెట్టుకుంటారు. మట్టం తగ్గగానే అది మంచినీళ్లు నింపుతుంది. కానీ ఆ సెన్సర్‌కు తెలిసింది మట్టం ఒక్కటే. నీళ్లు ఆవిరై తగ్గాయా, పంపు లాగేస్తే తగ్గాయా అన్నది దానికి తెలియదు.

కొత్త ఉప్పునీళ్ల డ్రమ్ము ఖాళీ అయిందనుకోండి. ఇంట్లోవాళ్లు పెళ్లికని ఊరెళ్లారు. లోపలికి పోసే పంపు ఉత్త గాలి లాగుతుంటుంది. బయటికి తీసే పంపు మాత్రం రోజుకు 3 లీటర్ల ఉప్పునీళ్లు తీస్తూనే ఉంటుంది. ఆ లోటును టాప్-ఆఫ్ మంచినీళ్లతో పూడుస్తుంది. పది రోజుల్లో ఉప్పు 35 పీపీటీ నుంచి 31.7కి పడిపోతుంది. అద్దం బయటినుంచి చూస్తే మట్టం సరిగ్గానే ఉంటుంది, చేపలూ తిరుగుతూనే ఉంటాయి. చాలా చేపలు ఇంతవరకు తట్టుకుంటాయి. పగడాలు, రొయ్యలు, నక్షత్ర చేపలు ముందు దెబ్బతింటాయి.

పంపుల మధ్య చిన్న తేడా ఉన్నా ఇదే కథ, కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది. లోపలికి వచ్చేవి 5 శాతం తక్కువైతే ఉప్పు నెలల మీద జారి జారి 33.3 దగ్గర ఆగుతుంది. ఎక్కువైతే పైకి, 36.8 దాకా పోతుంది. అదే బయటికి తీసే గొట్టం పూర్తిగా మూసుకుపోతే ముందు ఉప్పు పెరుగుతుంది. వచ్చే నీళ్లు ఆవిరయ్యేవాటిని మించితే చివరికి హాల్లో నేలంతా ఉప్పునీళ్లే.

ఏం చేయాలి?

రెండు వేర్వేరు పంపులకన్నా ఒకే మోటారుతో తిరిగే రెండు తలల పంపు మేలు. ఆగితే రెండూ ఆగుతాయి, తిరిగితే రెండూ తిరుగుతాయి. వేర్వేరు పంపులే ఉంటే రెంటినీ ఒకే ప్లగ్గుకు పెట్టాలి. ఒకటి ఇన్వర్టర్ లైనులో, ఇంకోటి మామూలు లైనులో ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ లెక్క తప్పుతుంది.

ఉప్పునీళ్ల డ్రమ్ము అడుగున ఒక ఫ్లోట్ స్విచ్ తప్పనిసరి. నీళ్లు అయిపోవస్తే అది రెండు పంపులనూ ఆపాలి, ఒక్కదాన్ని కాదు. సంప్‌లో మామూలు మట్టానికి కాస్త పైన ఇంకో స్విచ్ పెడితే పొంగిపోయే భయం పోతుంది. పాత నీళ్లు తీసే గొట్టం కొస నీటి మట్టానికి కొద్దిగా కిందనే ఉండాలి. గొట్టం అరిగి నీళ్లు సైఫన్‌లా జారడం మొదలైనా, కాస్త తగ్గగానే గాలి లాగి ఆగిపోతుంది. కొత్త నీళ్లు పోసే గొట్టం మాత్రం నీటికి పైనే ఉండాలి.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పాత నీళ్లను నేరుగా డ్రైనేజీలోకి వదలకుండా, కొత్త నీళ్ల డ్రమ్ము సైజుదే ఇంకో డ్రమ్ములో పట్టండి. రెంటి మీదా లీటర్ల గీతలు గీయండి. వారానికోసారి చూస్తే చాలు, ఒకదాంట్లో ఎంత తగ్గిందో ఇంకోదాంట్లో అంతే పెరగాలి. తేడా కనిపిస్తే పంపు సెట్టింగ్ సరిచేయాలి, లేదా గొట్టం మార్చాలి. రోలర్ల కింద నలిగే గొట్టం ఎప్పటికైనా అరగాల్సిందే. రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు కూడా చూసుకోవాలి. ఆ పరికరాన్ని మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూస్తేనే దాని మాట నమ్మవచ్చు.

నీళ్ల సంగతి కూడా ముఖ్యమే. తాగునీటి ఆర్‌ఓ మెషీన్లు చాలావాటిలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుస్తాయి. అక్వేరియానికి అవి పనికిరావు. డీఐ రెజిన్ దాటి వచ్చిన, టీడీఎస్ సున్నా చూపే నీళ్లే కావాలి. వంటింటి ఉప్పుతో కుదరదు. అందులో పగడాలకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు.

ఇంత చేసినా ఇసుకలో పేరుకున్న మలినాలు ఈ పంపుకు అందవు, వాటిని చేత్తోనే తీయాలి. అమ్మోనియా పెరిగితే రోజుకో శాతం మార్పిడి ఎందుకూ చాలదు, ఆ రోజు బకెట్ పట్టాల్సిందే. నిండిన పాత నీళ్ల డ్రమ్మును బాల్కనీ కుండీల్లో మాత్రం పోయకండి, మొక్కలు మాడిపోతాయి.