టైరు మారిస్తే... లెక్క మారుతుంది!

కారు ఎత్తుగా కనిపించాలనో, కింద తగలకూడదనో పెద్ద టైర్లు వేయించాలనుకుంటున్నారా? అయితే పర్సు తీసే ముందు ఓ కాగితం, పెన్సిలు తీయండి!

జనగామ జిల్లా బచ్చన్నపేట వైపు రైతులకు చక్రం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నాట్ల ముందు మడి దున్నాలంటే ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ బిగించాల్సిందే. వాటితోనే తారురోడ్డెక్కితే రోడ్డు పాడైపోతుంది. ఏ పనికి ఆ చక్రం! ఇంటి ముందుకు కారు వచ్చేసరికి మాత్రం ఈ సూత్రాన్ని మరిచిపోతుంటాం.

ఆదివారం ఇంటిల్లిపాదీ కొమురవెల్లి మల్లన్న దగ్గరికి బయల్దేరారనుకోండి. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, డిక్కీ నిండా బోనం గిన్నెలు, వంట సామాను. ఊరు దాటక ముందే స్పీడ్ బ్రేకరు మీద కారు కింద 'కర్ర్'మంటుంది. 'పెద్ద టైర్లు వేయించు, కారు లేస్తుంది' అని పక్కింటాయన సలహా. నిజంగా లేస్తుందా? లేస్తే ఎంత? అది తెలియాలంటే టైరు మీది అంకెలు చదవాలి.

ఆ అంకెల అర్థం ఇదీ!

టైరు పక్కన 165/80 ఆర్14 అని ఉందనుకుందాం. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం టైరు పక్కగోడ ఎత్తు... అంటే 132 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము కొలత, అంగుళాల్లో. రిమ్ముకు పైనా కిందా పక్కగోడలు కలిపితే మొత్తం చక్రం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు.

2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌నే చూడండి. తక్కువ ధర రకాలకు 165/80 ఆర్14 టైర్లు, ఖరీదైన రకానికి 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు. పైకి రెండోది పెద్దదిగా కనిపిస్తుంది. లెక్క వేస్తే దాని ఎత్తు సుమారు 622 మిల్లీమీటర్లే! రిమ్ము పెద్దదయ్యింది, పక్కగోడ తగ్గింది, మొత్తం చక్రం దాదాపు అంతే ఉంది. కంపెనీ ఇంజినీర్లు సైజు మార్చే పద్ధతి ఇదే. తేడా 3 శాతం దాటకూడదన్నది ఈ రంగంలో అందరూ చెప్పే సూత్రం.

పెరిగేది మూడు... లేచేది ఒకటిన్నర!

ఇప్పుడు అదే 14 అంగుళాల రిమ్ముకు 185/80 టైరు వేశారనుకుందాం. చక్రం ఎత్తు 652 మిల్లీమీటర్లవుతుంది. అంటే మూడు సెంటీమీటర్ల పైచిలుకు పెరిగింది. కానీ కారు లేచేది అందులో సగమే, ఒకటిన్నర సెంటీమీటరు. మిగతా సగం ఇరుసుకు పైన, మడ్‌గార్డు వైపు పెరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, గుంతలో పడినప్పుడు టైరు లోపల రాసుకునేది అందుకే.

అసలు ప్రమాదం మాత్రం కంటికి కనిపించదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క మీదే స్పీడోమీటరు పనిచేస్తుంది. చక్రం 5 శాతం పెద్దదైన సంగతి దానికి తెలియదు. అంతకుముందు సరిగ్గా చూపించిన మీటరు ఇప్పుడు 80 చూపిస్తుంటే కారు 84లో పోతుంటుంది. 'నాలుగు కిలోమీటర్లే కదా' అనుకోవద్దు. వేగం 5 శాతం పెరిగితే బ్రేకు వేశాక కారు ఆగే దూరం సుమారు 10 శాతం పెరుగుతుంది. జనగామ దగ్గర వరంగల్ హైవే ఎక్కాక ముందు లారీ హఠాత్తుగా ఆగితే... ఆ పది శాతమే ప్రాణాలకు పూచీ!

ఇంకో తమాషా ఉంది. కారు పదివేల కిలోమీటర్లకు పైగా నడిచినా మీటరు తక్కువే చూపిస్తుంది. మైలేజీ పడిపోయిందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాం. పెద్ద చక్రాన్ని తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి కాబట్టి పికప్ కూడా తగ్గుతుంది.

వెడల్పు ఉంటే పట్టు ఉంటుందా?

పొడి రోడ్డు మీద కొంత నిజమే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద కథ వేరు. వెడల్పాటి టైరు నీళ్లను పక్కకు నెట్టలేక వాటి మీద తేలే ప్రమాదం ఎక్కువ. పైగా స్టీరింగు బరువెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. షోకు కోసం పెద్ద అల్లాయ్ రిమ్ములు, పలచని టైర్లు వేయిస్తే గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. రిమ్ము వంగుతుంది, టైరు పక్కన ఉబ్బు వస్తుంది. ఉబ్బిన టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు వేసి 'సర్దుకుపోవడం' ఇంకా తప్పు. ఏబీఎస్ ఉన్న కార్లలో ప్రతి చక్రం వేగాన్నీ ఒక సెన్సర్ కొలుస్తుంటుంది. కొలతలు కలవకపోతే అది తికమక పడుతుంది.

చట్టం ఏమంటోంది?

రిజిస్ట్రేషన్ సమయంలో కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ అదనం. మీ మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన సైజుల్లో ఉండటమే క్షేమం.

దుకాణానికి వెళ్లేముందు...

* డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు చూడండి. టైరు సైజు, గాలి ఎంత ఉండాలో అక్కడే ఉంటుంది.

* సైజు తర్వాత ఉండే 85టి లాంటి గుర్తును వదిలేయకండి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుందని. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. కొత్త టైరుకు ఇవి పాతదానికంటే తక్కువ ఉండకూడదు.

* నాలుగంకెల తేదీ చదవండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం.

* గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో కారు నడపకూడదన్నది నిబంధన.

* సైజు మారిస్తే స్టెప్నీ గురించీ అడగండి. కొలత కలవని స్టెప్నీతో దూరాలు పోవద్దు.

మరి కారు కింద తగులుతుంటే ఏం చేయాలి? ముందు గాలి సరిచూడండి. డిక్కీలో బరువు తగ్గించండి. పాత కారైతే వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కుంగాయేమో మెకానిక్‌కు చూపించండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. అప్పటికీ తగులుతుంటే మల్లన్న దర్శనానికి ఒక కారు బదులు రెండు కార్లలో వెళ్లండి. అది కొత్త టైర్ల కంటే చవక!