రెస్టారెంట్లలో వస్త్రధారణ నియమావళి

ఖరీదైన రెస్టారెంట్లు, నక్షత్ర హోటళ్ళు, క్లబ్బులలోనికి వచ్చే అతిథులు ఎటువంటి దుస్తులు ధరించవలెనో నిర్దేశించే నిబంధనలను వస్త్రధారణ నియమావళి లేదా డ్రెస్ కోడ్ అంటారు. పురుషులకు కోటు, టై, బూట్లు తప్పనిసరి చేయుట, నిక్కర్లు, చెప్పులు నిషేధించుట ఇందులో సాధారణం. ఎవరికి మినహాయింపు ఇవ్వాలన్న విషయంపైనే తరచుగా వివాదాలు వచ్చాయి.

నేపథ్యం

బ్రిటిషు పాలనలో భారతదేశంలో ఏర్పడిన క్లబ్బులు ఇంగ్లాండు ఆచారాన్ని యథాతథంగా స్వీకరించాయి. స్వాతంత్ర్యానంతరం కూడా చాలా క్లబ్బులు దానిని వదలలేదు. మండుటెండలో టై కట్టినవాడు మర్యాదస్థుడుగాను, పంచె కట్టినవాడు కానివాడుగాను లెక్కకు వచ్చుట ఈ విధంగా జరిగినదే. 1988లో చిత్రకారుడు ఎం.ఎఫ్.హుసేన్‌కు, పాదరక్షలు లేని కారణంగా, బొంబాయిలోని విల్లింగ్డన్ క్లబ్బులో ప్రవేశం నిరాకరించారు.

పాశ్చాత్య దేశాలలో మాత్రం ఈ నియమాలు సడలుతూ వచ్చాయి. న్యూయార్క్‌లోని "21 క్లబ్" అనే రెస్టారెంటు 2009లో టై నిబంధనను తొలగించింది (2020లో ఇది మూతపడినది). పురుషులకు మాత్రమే టై తప్పనిసరి చేయుట లింగవివక్ష అని ఆ నగర మానవహక్కుల సంఘం 2015లో పేర్కొన్నది. కోటు లేకుండా వచ్చినవారికి ద్వారం వద్దనే ఒక కోటు అరువిచ్చే పద్ధతి కూడా ఉన్నది. అది కొలతకు సరిపోకపోయినా భోజనం మాత్రం దక్కుతుంది.

చెన్నై సంఘటన

2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి.హరిపరంధామన్ ఒక పుస్తకావిష్కరణ సభకై చెన్నైలోని తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బుకు వెళ్ళగా, పంచె కట్టుకున్నారని సిబ్బంది లోనికి అనుమతించలేదు. దీనిపై అన్ని పార్టీలు నిరసన తెలిపాయి. మరుసటి నెలలోనే శాసనసభ ఒక చట్టం చేసినది. దాని ప్రకారం పంచె గాని, ఇతర భారతీయ సాంప్రదాయ దుస్తులు గాని ధరించినవారిని క్లబ్బులు మొదలైనవి అడ్డగించరాదు. ఉల్లంఘించిన సంస్థ లైసెన్సు రద్దగును. బాధ్యులకు ఒక సంవత్సరం వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును. ఇక్కడ పంచెకు లభించినది మినహాయింపు కాదు, హక్కు.

మినహాయింపులపై వాదనలు

ఒకరిని వదిలితే రెండవవారిని ఆపలేమనీ, ఆ వాతావరణం కోసమే అధిక ధర చెల్లించిన అతిథులకు అది అన్యాయమనీ యజమానులు అంటారు. ఈ వాదనలో కొంత నిజమున్నది. కాని మినహాయింపు కాగితంపై లేనప్పుడు నిర్ణయం ద్వారం వద్ద నిలబడిన ఉద్యోగి చూపుపై ఆధారపడుతుంది. 2020లో అమెరికాలోని బాల్టిమోర్‌లో నిక్కరు వేసుకున్న నల్లజాతి బాలుడిని ఒక రెస్టారెంటు నిరాకరించినది. అదే సమయంలో దాదాపు అటువంటి దుస్తులలోనే ఉన్న శ్వేతజాతి బిడ్డ అక్కడ కనిపించినది. తల్లి తీసిన వీడియో బయటకు రాగా యాజమాన్యం క్షమాపణ చెప్పి, 12 సంవత్సరాల లోపు పిల్లలకు నియమావళి వర్తించదని ప్రకటించినది. ఆ మాట ముందే వ్రాసి ఉంచితే ఆ బాలుడికి అవమానం తప్పేది. మతపరమైన తలపాగా, అనారోగ్యం వలన వేసుకునే చెప్పుల విషయంలోను ఇదే వర్తిస్తుంది.

"స్మార్ట్ కాజువల్" వంటి అస్పష్టమైన పదాలు సమస్యను పెంచుతాయి. 2021లో ఢిల్లీలోని ఒక రెస్టారెంటులో చీర ఈ కోవలోకి రాదని తనను ఆపినట్లు ఒక మహిళ ఆరోపించగా, యాజమాన్యం దానిని ఖండించినది.

భారత రాజ్యాంగంలోని 15(2) అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా రెస్టారెంట్లలో ప్రవేశాన్ని నిరాకరించరాదని చెబుతుంది. ఈ జాబితాలో దుస్తుల ప్రస్తావన లేదు.