కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎప్పుడు కొనాలి? ముందు మీ కిలోమీటర్లు లెక్కేసుకోండి

షోరూమ్‌లో కొత్త కారు బిల్లు రాసేటప్పుడు, "సార్, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా కలిపేద్దామా?" అని అడుగుతారు. కొందరు ఆ సంతోషంలో సరే అనేస్తారు. ఇంకొందరు "మూడేళ్లు ఉంది కదా, తర్వాత చూద్దాంలే" అంటారు. రెండూ లెక్క చూడకుండా చెప్పిన మాటలే.

చాలా కార్ల వారంటీలో రెండు అంకెలుంటాయి. ఉదాహరణకి, మారుతి సుజుకి 2024 జూలైలో తన స్టాండర్డ్ వారంటీని 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. ఇందులో "ఏది ముందైతే అది" అన్నదే అసలు మాట.

మన ఏరియా లెక్కే చూద్దాం. పటాన్‌చెరులో ఉంటూ పాశమైలారంలో డ్యూటీ చేసే ఒకాయన రోజుకు 25 కిలోమీటర్లు నడుపుతారనుకోండి. నెలకు 26 డ్యూటీలు, ఏడాదికి 7,800. మూడేళ్లకు పాతిక వేలు కూడా దాటదు. ఆయన చూసుకోవాల్సింది తేదీ.

ఇంకొకాయనకి ఇల్లు సంగారెడ్డిలో, ఆఫీసు సిటీ అవతల. రానుపోను 130 కిలోమీటర్లు. నెలకు 3,380. అంటే 30 నెలలకే లక్ష దాటేస్తుంది! ఆయన మూడేళ్లు ఉందనుకుంటారు, వారంటీ మాత్రం ఆర్నెల్ల ముందే అయిపోతుంది. కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ మామూలుగా మొదటి వారంటీ ఉండగానే కొనాలి. ఆ తర్వాత గేర్‌బాక్స్ పోతే ఖర్చు మన జేబులోంచే.

ఇంకో మెలిక ఉంది. ప్లాన్ "5 ఏళ్లు లేదా 1,20,000 కిలోమీటర్లు" అనుకోండి. ఈయనకి అదనంగా వచ్చేది 20,000 కిలోమీటర్లు, అంటే ఆరు నెలలే. అందుకే ప్లాన్ ధరను మీకు నిజంగా పనికొచ్చే నెలలతో భాగించండి. అప్పుడు చవకో ఖరీదో తెలిసిపోతుంది.

మరి ఎప్పుడు కొనాలి? మొదటి రోజే కొనాలనేం లేదు. కానీ ఆలస్యమయ్యే కొద్దీ సాధారణంగా ధర పెరుగుతుంది. ఈరోజు ఎంత, ఏడాది తర్వాత ఎంత అని రెండు రేట్లూ అడగండి. లోన్‌లో కలిపితే వడ్డీ కూడా పడుతుందని మర్చిపోకండి. మూడేళ్లలోపే బండి అమ్మేసే ఆలోచన ఉంటే చాలామందికి ఇది అక్కర్లేదు. ఆరేడేళ్లు ఉంచుకుంటాం, బండి ఆటోమేటిక్, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ అంటే ఆలోచించాల్సిందే.

డబ్బు కట్టేముందు ఏవి కవర్ కావో చదవండి. పటాన్‌చెరు ట్రాఫిక్‌లో క్లచ్ ప్లేట్ అరిగినా, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు అరిగినా సాధారణంగా ఇవ్వరు. యాక్సిడెంట్ అయితే అది ఇన్సూరెన్స్ పని. సర్వీసులు టైమ్‌కి చేయించకపోయినా, బయట సీఎన్‌జీ కిట్ పెట్టించినా క్లెయిమ్ ఆగిపోవచ్చు. సర్వీస్ బిల్లులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నా కాదంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఈరోజు బండి ఎక్కగానే ఒక్క పని చేయండి. మీటర్‌లో కిలోమీటర్లు చూసి, కొని ఎన్ని నెలలైందో దాంతో భాగించండి. మీ వారంటీ నిజంగా అయిపోయే నెల ఏదో మీకే తెలుస్తుంది. అంతకు రెండు నెలల ముందుకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.